బడి ముందు రోడ్డు దాటే చోటు, మోరీ మీద ఫుట్‌పాత్: అర్జీలో ఏ కొలతలు రాయాలి? (నల్లగొండ)

కాలనీ_కార్యదర్శి (నల్లగొండ)

నమస్తే. కాలనీ సంఘం తరఫున ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలి. "ఫుట్‌పాత్ కావాలి, స్పీడ్ బ్రేకర్ కావాలి" అని రెండు ముక్కలు రాసి ఇస్తే ఆ కాగితం ఎటు పోతుందో అందరికీ తెలిసిందే. ఇంజినీరు చదివి పక్కన పెట్టలేని అర్జీ ఎట్లా ఉండాలో తెలిసినవాళ్లు చెప్పండి.

చోటు ఇట్లా ఉంది. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు. ఒక్కో పక్క తారు 7 మీటర్లు, డివైడర్ 1.2 మీటర్లు. ఒక పక్క ఉన్నత పాఠశాల గేటు, అవతలి పక్క కాలనీ, బస్టాపు. గేటు ఎదురుగా డివైడర్‌కు సందు లేదు. దగ్గరి యూటర్న్ 180 మీటర్ల దూరంలో ఉంది, అక్కడి జీబ్రా గీతలు మరకల్లా మిగిలాయి. గేటు ఎదురుగా డివైడర్ గ్రిల్‌లో రెండు కడ్డీలు వంగి ఉన్నాయి, పిల్లలు అందులోంచే దూరుతున్నారు.

బడి పక్కన ఫుట్‌పాత్ అంటే మోరీ (మురుగు కాలువ) మీద పరిచిన స్లాబులే. చాలాచోట్ల వెడల్పు 1.5 మీటర్లు. ఎత్తు ఒకచోట జానెడు, ఇంకోచోట మోకాలి దాకా. మధ్యలో కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మూడు దుకాణాల ర్యాంపులు. పొద్దున పూట నాలుగు తోపుడు బండ్లు.

జీబ్రా ఎక్కడ అడగాలి? సిగ్నలా, స్పీడ్ బ్రేకరా? ఈ మోరీనే ఫుట్‌పాత్‌గా బాగుచేయించవచ్చా? అసలు అర్జీ ఎవరి పేరున రాయాలి?

టేపు_సుద్దముక్క

ఆ వంగిన రెండు కడ్డీలే మీ అర్జీకి ప్రాణం. పక్కన టేపు పట్టి ఫొటో తీయండి. జనం ఎక్కడ దాటుతున్నారో అక్కడే దారి ఇవ్వాలి. యూటర్న్ దాకా పోయి, దాటి, వెనక్కి రావాలంటే 360 మీటర్లు. నిమిషానికి 70 మీటర్ల నడక లెక్కన ఐదు నిమిషాల పైమాటే. బడి గంట కొట్టేముందు ఏ పిల్లవాడూ ఆ ఐదు నిమిషాలు పెట్టడు. ఈ కడ్డీలు సరిచేస్తే నెల తిరగకముందే పక్క కడ్డీలు వంగుతాయి.

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. నల్లగొండ మీదుగా 565, పాలమూరు మీదుగా 167 పోతున్నాయి కాబట్టి ఊళ్లో రోడ్డే కదా అని మున్సిపాలిటీకి రాసేయొద్దు. తారు ఒకరిది, మోరీ ఇంకొకరిది, స్తంభం విద్యుత్ సంస్థది అయ్యుంటుంది. ముగ్గురికీ ప్రతులు పోవాలి.

కొలతలకు 30 మీటర్ల టేపు, సుద్దముక్క, ఇద్దరు మనుషులు చాలు. గేటుకు అటు 100, ఇటు 100 మీటర్లు తీసుకొని ప్రతి 10 మీటర్లకు ఒక గీత పెట్టండి. 21 గీతలు వస్తాయి. ఒక్కో గీత దగ్గర నాలుగు అంకెలు రాయాలి: ప్రహరీ నుంచి రోడ్డు అంచుదాకా మొత్తం జాగా, అందులో అడ్డం లేకుండా నడవగలిగే జాగా, రోడ్డు నుంచి ఎత్తు, తల మీద కొమ్మ గానీ బోర్డు గానీ ఉంటే దాని ఎత్తు. స్తంభం, దిమ్మె 10 మీటర్ల గీత మీద పడకపోతే వాటికి విడిగా ఒక వరుస. ఎందుకంటే ఫుట్‌పాత్ వెడల్పు అంటే సగటు కాదు. అతి ఇరుకైన చోట ఎంత ఉందో అంతే. 200 మీటర్లూ బాగుండి స్తంభం దగ్గర 40 సెంటీమీటర్లే మిగిలితే తోపుడు కుర్చీ (వీల్‌చెయిర్) మనిషికి అక్కడ ఉన్నది 40 సెంటీమీటర్ల ఫుట్‌పాతే.

పోల్చడానికి ఐఆర్సీ 103 ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పాదచారుల మార్గదర్శకాలు. అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల మీద ఖాళీ 2.2 మీటర్లు, అంచు రాయి ఎత్తు 150 మి.మీ. మించొద్దు, దిగే ర్యాంపు 12కు 1 (ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు). మీ 21 వరుసల పక్కన ఈ అంకెలు రాసి, తక్కువ పడిన చోట ఎర్ర ఇంకుతో సున్నా చుట్టండి. ఆ ఒక్క కాగితం మూడు పేజీల ఆవేదన కంటే ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత లెక్కింపు. గంటకు దాటేవాళ్లు పి, గంటకు రెండు దిక్కులా పోయే బండ్లు వి అనుకుంటే, పి ఇంటూ వి వర్గం చూడాలి (బండ్ల అంకెను అదే అంకెతో గుణించి, వచ్చినదాన్ని మనుషుల అంకెతో గుణించడం). డివైడర్ లేని రోడ్డు మీద అది 10 కోట్లు, ఉన్న రోడ్డు మీద 20 కోట్లు దాటితే ఊరికే గీతలు గీసి వదిలేయకుండా సిగ్నల్ లాంటి నియంత్రణ ఉన్న దాటుచోటు అడగవచ్చు. ఒక్క గంట లెక్కతో పోకండి, రద్దీ ఎక్కువున్న నాలుగు గంటలు లెక్కపెట్టి సగటు తీయండి. సెలవు రోజు, పండుగ ముందు రోజు, సంత రోజు వద్దు. బడి నడిచే మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకోండి. బండ్లకు ఒకరు, మనుషులకు ఒకరు, ఐదేసి గీతల కట్టలు కట్టి పావుగంటకోసారి మొత్తం రాస్తే తప్పు దొర్లదు. పోలీసు రికార్డుల్లో ఏడాదిలో ఐదుగురు పాదచారులకు దెబ్బలు తగిలినట్టు ఉన్నా అదీ ఒక ఆధారమే.

గుంతల_లెక్క

ఇంత లెక్క ఎందుకు సార్? గేటుకు అటు ఒకటి, ఇటు ఒకటి స్పీడ్ బ్రేకర్లు వేయిస్తే అయిపోదా? రెండు గంటల పని.

మోరీ_మేస్త్రి (పాలమూరు)

కార్యదర్శి అన్నా, మోరీ సంగతి నేను చెప్త. స్లాబుల మీద నడుచుడు తప్పేం కాదు, జాగ లేని బజార్లల్ల అదొక్కటే దారి. ఎట్ల పోసిన్రు, ఎట్ల పరిచిన్రు అన్నదే ముచ్చట.

0.9 మీటర్ల పొడుగు, 0.6 వెడల్పు, 100 మి.మీ. మందం స్లాబు 135 కిలోలు ఉంటది. నలుగురు పట్టాలె. పూడిక తీసేటోళ్లు గడ్డపారతోని లేపి పొర్లిస్తరు. మళ్ల వేసేటప్పుడు ఏ మొఖం పైకొస్తే ఆ మొఖమే వేసి పోతరు. పని చెడేది అక్కడనే. స్లాబుల ఇనుము కింది మొఖం దిక్కుకు, 20, 25 మి.మీ. లోపల ఉంటది. బరువు పడితే స్లాబు కింది మొఖం సాగుతది, పై మొఖం నొక్కుకుంటది. కాంక్రీటు నొక్కుడుకు ఆగుతది గని సాగుడుకు ఆగదు, దాన్ని ఇనుమే పట్టుకోవాలె. తిరగేసినవంటే ఇనుము పైకి పోయె, కింద ఉత్త కాంక్రీటు మిగిలె. ఒక్క బుల్లెట్ బండి ఎక్కితే నడుమ అడ్డంగ పగులుతది. "కాంట్రాక్టరు సిమెంటు తిన్నడు" అని అందరు తిడుతరు. తిన్నడో లేదో గని, సగం స్లాబులు పగిలేది తిరగేసుడుతోనే.

మందు ఏందంటే, పోసేటప్పుడే పై మొఖం మీద చీపురు గీతలు కొట్టాలె. వానల కాలు జారదు, పై మొఖం ఏదో గుర్తు కూడ ఉంటది. లేపే కొక్కేలు పైకి పొడుచుకొని ఉండొద్దు, తట్టుకొని పడుతరు. గుండ్రటి గుంతల లోపలికి పెట్టి, కడ్డీ మొఖానికి కిందనే ఉండేటట్టు పోయాలె. అన్ని స్లాబులకు కొక్కేలు అక్కర లేదు. ఆరు మీటర్లకు ఒకటి లేపే స్లాబు ఉంటే పూడిక తీసుడుకు సరిపోతది, మిగిలినవి కదిలియ్యొద్దు. సందులు 10 మి.మీ. కంటె ఎక్కువ ఉంటే కర్ర దిగుతది, చెప్పు మడిమ దిగుతది.

మోరీ గోడ మీద స్లాబు కనీసం 75 మి.మీ. ఆనాలె, కింద సిమెంటు మాలు పరుపు ఉండాలె. ఉత్తగ పెడితే టకటక కొట్టుకుంటది. ఊగుతుందా లేదా చూడాలంటె ఒక మూల మీద నిలబడి ఎదురు మూల మీదికి కాలు మార్చుర్రి, సప్పుడు చెప్తది. మీ 21 గీతల కాగితంల ఊగే స్లాబులు, పగిలిన స్లాబులు, లేని స్లాబులు మూడు లెక్కలు విడివిడిగ రాయిండ్రి. పగిలినదానికి కొత్తది కావాలె, ఊగేదానికి మాలు చాలు. రెండింటి ఖర్చు ఒకటి కాదు.

మోకాలి ఎత్తు ఉన్న కాడ ర్యాంపు అడగొద్దు. 450 మి.మీ. ఎత్తుకు 12కు 1 లెక్కన 5.4 మీటర్ల ర్యాంపు కావాలె, ఏడ పెడుతరు? మోరీ గోడనే కోసి దించాలె. లోపలి పైపులు, ఇండ్ల కనెక్షన్లు అడ్డమొస్తయా ముందే చూసుకోవాలె. జానెడే ఉన్న కాడ ఇంకో పంచాది ఉంటది. రోడ్డు మీద రోడ్డు పోసుకుంట పోతరు, ఒక్కోసారి 40, 50 మి.మీ. లేస్తది. మూడు సార్లు పోస్తే 150 మి.మీ. ఫుట్‌పాత్ రోడ్డుతోని సమానమై బండ్లు ఎక్కుతయి, వాననీళ్లు మోరీకి పోక దుకాణాలల్లకు పోతయి. కొత్త తారు వేసే ముందు పాతది చెక్కి తీయాలని అర్జీల రాయిండ్రి.

టైల్స్ వేస్తమంటె నడిచే జాగల 60 మి.మీ. పేవర్ బ్లాకులు, బండ్లు ఎక్కే గేటు కాడ 80 మి.మీ. కింద 25 నుంచి 40 మి.మీ. ఇసుక పరుపు, దాని కింద దిమ్మిస కొట్టిన కంకర. అంచుకు రాయి కట్టకుంటె ఏడాదికే బ్లాకులు విచ్చుకపోతయి. షాబాద్ బండ చల్లగ ఉంటది, మన దిక్కు అగ్గువకు దొరుకుతది, గని పాలిష్ బండ వేసిన్రో, తొలకరి వానకే జారి పడుతరు. గరుకు మొఖమే కావాలని రాయిండ్రి.

టేపు_సుద్దముక్క

గుంతల_లెక్క గారూ, "రెండు గంటల పని" దగ్గరే చిక్కు. ఐఆర్సీ 99లో గుండ్రటి హంప్ కొలత పాతకాలం నుంచీ ఉంది. 17 మీటర్ల వ్యాసార్ధం, 3.7 మీటర్ల వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. అంటే పొడవైన, చదునైన గుట్ట. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కి దిగితే నడుం పట్టేయదు. రెండు గంటల్లో పోసేది అర మీటరు వెడల్పు, జానెడు ఎత్తు తారు గట్టు. ఆటోలో ఉన్న గర్భిణికి, అంబులెన్సులో ఉన్న మనిషికి అది దెబ్బే. ఇంకా పెద్ద తప్పు ఏమిటంటే, నీళ్లు పోవడానికి అంచున వదిలిన అడుగు సందులోంచే బైకులన్నీ దూరుతాయి. నడిచేవాళ్లు నిలబడేదీ ఆ అంచునే. పిల్లల కోసమని వేసిన గట్టు బండ్లను పిల్లల మీదికే మళ్లిస్తుంది.

అది జాతీయ రహదారి అయితే హంప్ ఎట్లాగూ వేయరు. అక్కడ బోర్డులు, రోడ్డుకు అడ్డంగా మందపాటి గీతలు, వరుసల వెడల్పు తగ్గించడం మాత్రమే మీ చేతిలో ఉంటాయి. అడ్డగీతలు ఇండ్లకు ఆనుకొని వేయిస్తే రాత్రంతా లారీల గరగర, వారానికే కాలనీవాళ్లే తీసేయమంటారు.

మున్సిపాలిటీ లేదా రాష్ట్ర రోడ్డు అయితే టేబుల్ టాప్ అడగండి. జీబ్రానే బల్లలా ఎత్తుగా కట్టడం. బస్సులు తిరిగే రోడ్డు కాబట్టి 100 మి.మీ. ఎత్తు చాలు. పైన చదును జాగా జీబ్రా వెడల్పంత, అంటే కనీసం 3 మీటర్లు. రెండు వైపులా ర్యాంపు 2 మీటర్లు. పిల్లలు ఫుట్‌పాత్ దిగి మళ్లీ ఎక్కే పని తగ్గుతుంది, డ్రైవరుకు ఇది మనుషుల చోటని చక్రాలకే తెలుస్తుంది. ఎగువ పక్క వాననీరు ఆగకుండా అంచున జాలీ మూతతో కాలువ వదలాలి. ఇది మరిచిపోతే మొదటి వానకే జీబ్రా ముందు మడుగు, పిల్లలు దాన్ని తప్పించుకుంటూ నడిరోడ్డు మీద.

వేగం ఎందుకు ముఖ్యమో అర్జీలో రెండు వాక్యాలు చాలు. గంటకు 50 కిలోమీటర్లతో వచ్చే బండి, డ్రైవరు చూసి బ్రేకు వేసి ఆగేసరికి 60 మీటర్లు పోతుందని రోడ్డు డిజైన్ లెక్క. 30 అయితే 30 మీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం కారు గుద్దినప్పుడు పాదచారి చనిపోయే ప్రమాదం 50 నుంచి 65కు పోయేసరికి నాలుగున్నర రెట్లవుతుంది.

కాలనీ_కార్యదర్శి (నల్లగొండ)

ధన్యవాదాలు. బుధవారం లెక్కపెట్టాం. రద్దీ ఎక్కువున్న నాలుగు గంటలు:

పొద్దున 8 నుంచి 9: మనుషులు 240, బండ్లు 1,100
పొద్దున 9 నుంచి 10: మనుషులు 130, బండ్లు 1,000
సాయంత్రం 4 నుంచి 5: మనుషులు 150, బండ్లు 1,050
సాయంత్రం 5 నుంచి 6: మనుషులు 220, బండ్లు 1,200

రోడ్డు జాతీయ రహదారి కాదని తేలింది. బడికి సంబంధించి ఇంకో మాట: పిల్లలు ఒక్కొక్కరుగా రారు, బస్సు దిగి నలభై మంది ఒకేసారి దాటుతారు.

టేపు_సుద్దముక్క

నాలుగు గంటలకూ విడివిడిగా కడితే సుమారు 29 కోట్లు, 13 కోట్లు, 16.5 కోట్లు, 31.7 కోట్లు. సగటు సుమారు 22.6 కోట్లు. 20 కోట్లు దాటింది. ఈ నాలుగు వరుసలూ యథాతథంగా అర్జీకి జతచేయండి, సగటు ఒక్కటే రాస్తే నమ్మరు.

నలభై మంది ఒకేసారి అన్నారే, అసలు డిజైన్ అంతా ఆ మాట మీదే ఉంది. డివైడర్‌ను 3 మీటర్లు కోసి వదిలేస్తే మధ్యలో నిలబడే జాగా 3 ఇంటూ 1.2, మూడున్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నలుగురు పిల్లలనుకున్నా 14 మంది. మిగతా 26 మంది బండ్ల మధ్య నిలబడాలి. పైగా తిన్నగా కోసిన సందు వారం తిరిగేసరికి బైకుల యూటర్న్ అవుతుంది. ఇనుప గుంజలు పాతి ఆపుదామంటే తోపుడు కుర్చీకి 0.9 మీటర్లు వదలాలి, బైకు హ్యాండిల్ 0.8 మీటర్లే. కుర్చీ పట్టే చోట బైకూ పడుతుంది.

అందుకని జెడ్ ఆకారం అడగండి. గేటు పక్క సందు ఒకచోట, కాలనీ పక్క సందు 10 మీటర్ల అవతల, మధ్యలో డివైడర్ మీద రెండు వైపులా గ్రిల్ ఉన్న నడవా. మలుపులు తిరిగి రావాల్సి ఉంటుంది కాబట్టి బైకువాడికి మోజు పోతుంది. ఎటు జరపాలన్నది తప్పకుండా రాయండి. మనిషి సగం రోడ్డు దాటి డివైడర్ ఎక్కాక ఎడమకు తిరిగి నడిచేటట్టు ఉండాలి. మన దగ్గర రెండో సగంలో బండ్లు ఎడమ దిక్కు నుంచి వస్తాయి, ఎడమకు నడిస్తే వాటికి ఎదురుగా మొఖం ఉంటుంది. కుడికి తిప్పితే వచ్చే బండ్లకు వీపు పెట్టి నడుస్తారు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే పని చేసేటప్పుడు తారుమారవుతుంది. బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టండి.

1.2 మీటర్ల డివైడర్‌లో తోపుడు కుర్చీ తిరగదు, దానికి ఒకటిన్నర మీటరు కావాలి. ఒక్కో పక్క తారులోంచి 40 సెంటీమీటర్లు తీసుకుంటే డివైడర్ అక్కడ 2 మీటర్లవుతుంది. తారు 7 నుంచి 6.6కు తగ్గుతుంది, ఒక్కో వరుస 3.3. బస్సు హాయిగా పోతుంది, వేగం కొంచెం తగ్గుతుంది. గ్రిల్ జాగా పోను 1.8 ఇంటూ 10, 18 చదరపు మీటర్లు. మీ నలభై మందికీ చోటుంది. ఇరుకయ్యే చోటికి ముందు వాలుగా గీతలు, మెరిసే గుంజలు ఉండాలి, లేకుంటే రాత్రి లారీ వచ్చి ఆ మూలనే కొడుతుంది.

సిగ్నల్ ఇస్తే సెకన్లు మీరే అడగండి. నడక సెకనుకు 1.2 మీటర్లు అని లెక్క వేస్తారు, 6.6 మీటర్లకు ఐదున్నర సెకన్లు. ముసలివాళ్లకు 0.9 పెట్టుకుంటే ఏడు దాటుతుంది, ఎనిమిది అనుకోండి. కదలడానికి మొదట 7 సెకన్ల పచ్చ. ఒక్కో సగానికి 15 సెకన్లు. దీనికంటే తక్కువ పెడితే వెనక వరుస పిల్లలు ఎర్ర లైటులో పరుగెత్తుతారు.

గీతలకు మామూలు పెయింటు వద్దు, నెలల్లో చెరిగిపోతుంది. వేడి థర్మోప్లాస్టిక్ (కరిగించి పోసే గీతల మందు) 2.5 మి.మీ. మందం, పైన చదరపు మీటరుకు 250 గ్రాముల గాజు పూసలు. పూసలు లేకపోతే రాత్రి హెడ్‌లైటుకు గీత మెరవదు. 500 మి.మీ. వెడల్పు పట్టీలు, 3 మీటర్ల పొడవు, ఒక పక్కకు ఏడు వస్తాయి, అంటే పదిన్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 5 కిలోల చొప్పున రెండు పక్కలకూ 105 కిలోలు, 25 కిలోల మూటలు ఐదు. పని రోజున మూటలు లెక్కపెడితే మందం తగ్గించారా లేదా అక్కడే తెలుస్తుంది. తడి రోడ్డు మీద, దుమ్ము ఊడ్వని రోడ్డు మీద వేయనివ్వొద్దు, పెచ్చులుగా లేస్తుంది.

రాత్రి_డ్యూటీ

రెండే మాటలు. లైటు స్తంభం జీబ్రా నడినెత్తిన వద్దు, బండి వచ్చే వైపు కొన్ని మీటర్ల ముందు ఉండాలి. అప్పుడే వెలుగు మనిషి ముందుభాగం మీద పడి డ్రైవరుకు కనిపిస్తాడు. వెనక నుంచి పడితే నీడ మాత్రమే కనిపిస్తుంది. బస్టాపు జీబ్రా దాటాక ఉండాలి. ముందుంటే పిల్లలు బస్సు ముక్కు ముందు నుంచి పరుగు తీస్తారు, పక్క వరుసలో వచ్చే బండికి కనిపించరు.

ఆ డివైడర్‌లో చెట్లున్నాయా? కాగితం పూలు, గన్నేరు ఏపుగా పెరిగిన చోట మీటరు ఎత్తు పిల్లవాడు ఆకుల్లోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. సందుకు అటూ ఇటూ 30 మీటర్లు అర మీటరుకు మించి పెరగనివ్వొద్దని కూడా రాయండి.

అర్జీ_దస్త్రం

కాగితం నడిపే పద్ధతి చెప్తాను.

అర్జీ కలెక్టరు పేరున, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అధ్యక్ష హోదాలో రాయండి. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఈఈ, మున్సిపల్ కమిషనర్, ట్రాఫిక్ పోలీసు, దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ఏడీఈకి ప్రతులు. ఎవరు ఏ పని చేయాలో విడగొట్టి రాయాలి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ జరపాలంటే విద్యుత్ సంస్థ ఎస్టిమేట్ వేస్తుంది, ఆ డబ్బు రోడ్డు పని చేసే శాఖ కట్టాలి. అందరూ ఈ ఒక్క వరుస మరిచిపోతారు. ఫుట్‌పాత్ అంతా పూర్తయి స్తంభం నడుమ నిలబడిపోతుంది.

ప్రజావాణి రసీదు నంబరు దాచుకొని 30 రోజుల తర్వాత సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. "ఏం చర్య తీసుకున్నారు" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. పత్రాలు అడగండి: ఆ రోడ్డు పాత పని ఎస్టిమేట్ నకలు, ఎం బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత ఎప్పటిదాకా ఉందో ఆ ఒప్పందం. ఆ గడువు ఇంకా ఉంటే పగిలిన స్లాబులు కాంట్రాక్టరే మార్చాలి, కొత్త నిధులు అక్కర్లేదు.

ప్రమాదాల జాబితా పోలీసుల దగ్గర అడగండి. 500 మీటర్ల లోపల మూడేళ్లలో చావు లేదా తీవ్ర గాయాల ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలో అది బ్లాక్ స్పాట్. అంత లేకపోతే బ్లాక్ స్పాట్ అని రాయకండి, ఒక్క మాట తప్పని తేలితే మిగతా కాగితమంతా పక్కన పడేస్తారు.

చట్టం గురించి నాలుగు వరుసలు చాలు. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కు) భాగమేనంది. అదే ఏడాది అక్టోబరు 7న మోటారు వాహనాల చట్టం 138(1ఏ), 210డి సెక్షన్ల కింద నడిచేవాళ్ల గురించి, రోడ్ల డిజైన్ గురించి నిబంధనలు చేయమని రాష్ట్రాలకు ఆరు నెలల గడువిచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచేవాళ్లు. ఈ అంకెలు కింద, మీ 21 గీతల కాగితం పైన ఉండాలి.

పని వేసవి సెలవుల్లో పెట్టమని రాయండి. బడి ఉండదు, థర్మోప్లాస్టిక్‌కు రోడ్డు పొడిగా ఉంటుంది.

కాలనీ_కార్యదర్శి (నల్లగొండ)

తోపుడు బండ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. సంఘంలో సగం మంది వాటిని తీసేయించమని రాయాలంటున్నారు.

అర్జీ_దస్త్రం

ఆ మాట రాస్తే మొదట జరిగే పని అదొక్కటే, మిగతావి ఆగిపోతాయి. ఒక రోజు జేసీబీ వస్తుంది, ఫొటోలు పడతాయి, మూడో రోజు బండ్లు మళ్లీ అక్కడే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. చోట్లు చూసేది టౌన్ వెండింగ్ కమిటీ, అందులో నలభై శాతం వ్యాపారులే ఉండాలి. మీ కొలతల్లో మొత్తం జాగా 3 మీటర్లు దాటిన చోట్లున్నాయా చూడండి. ఉంటే 1.8 నడకకు, 1.2 బండ్లకు అని గీసి చూపించండి. దాటుచోటుకు వచ్చే బండ్ల వైపు మాత్రం 30 మీటర్ల దాకా తోపుడు బండి గానీ, ఆగిన కారు గానీ ఉండొద్దు, పిల్లలు కనిపించరు. కార్లకూ అదే మాట రాయండి. జనం తోపుడు బండిని తిడతారు గానీ ఫుట్‌పాత్‌కు రెండు చక్రాలెక్కించి ఆపిన కారును చూడరు.

టేపు_సుద్దముక్క

దుకాణాల ర్యాంపులు మూడున్నాయి కదా, అవి కూడా. ర్యాంపు కోసం ఫుట్‌పాత్‌ను దించడం కాదు, ఫుట్‌పాత్ అదే ఎత్తులో సాగాలి, బండి ఎక్కే వాలు రోడ్డు పక్క చివరి 600 మి.మీ. లోపలే అయిపోవాలి. ప్రతి గేటుకూ దిగి ఎక్కే ఫుట్‌పాత్ మీద ఎవరూ నడవరు, రోడ్డు మీదే పోతారు.

మోరీ_మేస్త్రి (పాలమూరు)

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కాడ స్లాబు కింద ఎర్త్ పైపు ఉంటది, అన్నా. అక్కడ గడ్డపార పెట్టే ముందు లైన్‌మన్‌ను పిలిపియ్యాలె. అది కూడ రాయిండ్రి.

కాలనీ_కార్యదర్శి (నల్లగొండ)

రాసుకున్నాను. 21 గీతల్లో 14 చోట్ల ఎర్ర సున్నా పడింది. అతి ఇరుకు స్తంభం దగ్గర, 38 సెంటీమీటర్లు. ఊగే స్లాబులు 17, పగిలినవి 9, లేనివి 2. లేని రెండింటి మీద ప్రస్తుతానికి ఎర్రగుడ్డ కట్టిన కర్ర నిలబెట్టాం. జెడ్ బొమ్మలో బాణం ఎడమకే పెట్టాను, రేపు ఫొటో పెడతాను, ఎవరైనా ఒకసారి సరిచూడండి.